కబురు రాకపోతే

ఇప్పుడు ఆ క్లినిక్కులో పేషెంట్లను గోడ మీది తెర పిలుస్తోంది. టింగుమని ఒక చప్పుడు, ఒక ఎర్ర అంకె, అంతే. ఎవరి నంబరు వాళ్లు చూసుకుని లేచి లోపలికి వెళ్తారు. పాతవాళ్లు మాత్రం ఆ తెర వంక చూడరు, గుమ్మం వంకే చూస్తారు. ఒకప్పుడు ఆ గుమ్మంలో నడుముకి చెయ్యి ఆనించుకుని ఒక మనిషి నిలబడేది. "ఏమండోయ్ దగ్గు తాతగారూ, మీదేనండీ వంతు! లేవండి, నిద్ర తరవాత పోదురుగాని!" అని కేక వేసేది. ఆ కేక వీధి మలుపులో ఉన్న సైకిలు షాపు దాకా వెళ్లేది. వంతు ఆలస్యమవుతుందని టీ తాగడానికి పోయినవాళ్లు గ్లాసు కింద పెట్టి పరిగెత్తుకొచ్చేవాళ్లు.

అందుకే ఆమెను కేకలక్క అనేవాళ్లు. అసలు పేరు సంతకం పెట్టేటప్పుడు తప్ప ఇంకెక్కడా పనికొచ్చేది కాదు.

ఆమె నర్సు. ముందు గదిలో బెంచీలు, లోపలి గదిలో డాక్టరుగారి బల్ల, పరీక్ష చేసే మంచం, రిపోర్టుల బీరువా ఉండేవి. ఆ రెండు గదుల మధ్య సందులాంటి చోటు కేకలక్క రాజ్యం. కట్లు కట్టడం, సూదులు వెయ్యడం, రక్తం తియ్యడం, ఏడ్చే పిల్లల్ని నవ్వించడం, నవ్వుతూ అబద్ధాలు చెప్పే పెద్దవాళ్ల చేత నిజం చెప్పించడం, అన్నీ అక్కడే. "బిళ్లలు వేసుకుంటున్నారా?" అని అడిగి, జవాబు వినకుండా మొహం చూసేది. "లేదన్నమాట" అని తనే తేల్చేసేది.

ఆ క్లినిక్కుకి ఒక అలవాటు ఉండేది. డాక్టరుగారు ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఆ వీధి మొత్తానికి ఒకటే ఫోను. రక్తం లాబుకి వెళ్లి, రిపోర్టు కవర్లో తిరిగి వచ్చేసరికి కొన్ని రోజులు పట్టేది. అందరికీ కబురు పంపడం కుదరక ఆయన ఒక మాట అనడం మొదలుపెట్టారు: "మేం పిలవకపోతే బాగున్నట్టే. హాయిగా ఉండండి." తరవాత ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి, జేబుల్లోకీ వచ్చాయి. మాట మాత్రం అలాగే ఉండిపోయింది. రక్తం ఇచ్చి వచ్చినవాళ్లని పక్కింటివాళ్లు "కబురేమైనా వచ్చిందా?" అని అడిగేవాళ్లు. "రాలేదు" అంటే ఇద్దరూ కలిసి "అమ్మయ్య" అనుకునేవాళ్లు.

లోపల పద్ధతి కూడా అంత తేలికగానే ఉండేది. మధ్యాహ్నం కవరు రాగానే డాక్టరుగారు రిపోర్టులన్నీ చదివేవారు. బాగున్నవి బల్లకి ఒక పక్కన పడేసేవారు. పిలవాల్సినవి స్టెతస్కోపు కింద పెట్టేవారు. స్టెతస్కోపు బరువు ఉన్న కాగితాలు చూసి కేకలక్క ఫోన్లు చేసేది. బరువు లేనివి బీరువాలో సర్దేది. ఏళ్ల తరబడి ఒక్క తప్పూ జరగలేదని ఇద్దరూ అనుకునేవాళ్లు. జరిగితే తెలిసే దారి ఏదీ లేదని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

ఆ క్లినిక్కుకి తరచు వచ్చేవాళ్లలో టైలరుగారి భార్య ఒకావిడ. భర్త చొక్కాలు కుడితే ఆవిడ కాజాలు తీసి బొత్తాలు కుట్టేది. క్లినిక్కు బెంచీ మీద కూడా ఒళ్లో చొక్కా, చేతిలో సూది ఉండాల్సిందే. అందుకని బొత్తాలమ్మ అయింది. ఒకసారి కేకలక్క తెల్లకోటు బొత్తం ఊడితే అక్కడే నిలబెట్టి కుట్టి, దారం పళ్లతో తెంపి, "నీ కేకకి నా దారం ఆగదే తల్లీ, డబల్ పేటలు వేశా" అంది. బెంచీ అంతా నవ్వింది. టైలరుగారు సుగరు మనిషి. ఆయన కేకలక్కని నోరారా "చెల్లెమ్మా" అనేవాడు. "చెల్లెమ్మా, మీ వదిన బెల్లంలా మాట్లాడుతుంది, ఆ సుగరే నాకెక్కింది" అనేవాడు.

బొత్తాలమ్మకి మోకాళ్ల నొప్పులు. షాపులో తనే అడిగి నొప్పి బిళ్లలు కొనుక్కుని మింగేది. డాక్టరుగారికి తెలిసి మందలించారు. "కిడ్నీలు ఎలా ఉన్నాయో పరీక్ష చేయిద్దాం. అప్పటిదాకా బిళ్లలు ఆపు. బాగాలేకపోతే నేనే పిలుస్తా" అన్నారు. కేకలక్క రక్తం తీసింది.

రిపోర్టు వచ్చిన మధ్యాహ్నం డాక్టరుగారు అందులో ఒక అంకె చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, స్టెతస్కోపు కింద పెట్టారు. అంతలో మెట్ల మీద నుంచి ఒక తల్లి అరుపు. జ్వరంతో ఫిట్సు వచ్చిన పసివాణ్ణి ఎత్తుకొచ్చింది. డాక్టరుగారు బల్ల మీది స్టెతస్కోపు లాక్కుని పరిగెత్తారు. కేకలక్క కూడా వెళ్లింది. పిల్లవాడు తేరుకున్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నాక ఆమె లోపలికి వచ్చి చూస్తే, ఫాను గాలికి కాగితాలన్నీ నేల మీద ఉన్నాయి. ఏరింది. బరువు లేని కాగితాలు. అలవాటు ప్రకారం చదవకుండానే బీరువాలో పెట్టింది.

కబురు రాలేదని బొత్తాలమ్మ మళ్లీ బిళ్లలు మొదలుపెట్టింది.

కొన్ని నెలలకి కాళ్లు వాచి, ఆయాసంతో, భర్త భుజం పట్టుకుని వచ్చింది. డాక్టరుగారు చూసీ చూడగానే పెద్దాసుపత్రికి చీటీ రాయడానికి కూర్చున్నారు. "ఆవిడ పాత రిపోర్టు తియ్యమ్మా" అన్నారు. కేకలక్క బీరువా తెరిచి, తీసి, చూసి, అక్కడే నిలబడిపోయింది. ఎర్ర సున్నా.

"ఇది నేనే పెట్టానండీ లోపల" అంది. అంత చిన్న గొంతు తనకుందని ఆమెకే తెలియదు.

డాక్టరుగారు కాగితం అందుకుని ఎర్ర సున్నా మీద వేలు పెట్టి చూసుకున్నారు. తరవాత, "స్టెతస్కోపు తీసింది నేను. ఈ పద్ధతి పెట్టిందీ నేనే. ముందు ఆవిణ్ణి పంపిద్దాం పద" అన్నారు.

పెద్దాసుపత్రిలో చెయ్యగలిగినవన్నీ చేశారు. బొత్తాలమ్మ తిరిగి రాలేదు.

ఆ తరవాత ఒక ఉదయం డాక్టరుగారు, కేకలక్క కలిసి టైలరుగారి దుకాణానికి వెళ్లారు. రెండు మిషన్లలో ఒకదాని మీద దుప్పటి కప్పి ఉంది. డాక్టరుగారు మొదలుపెట్టారు గాని, మధ్యలో మాట తెగిపోయింది. మిగతాది కేకలక్క చెప్పింది. స్టెతస్కోపు, ఫిట్సు వచ్చిన పిల్లవాడు, ఫాను, బీరువా, ఏదీ దాచలేదు.

టైలరుగారు చేతిలోని టేపు వేలికి చుట్టుకుంటూ విన్నాడు. "పిలిచి ఉంటే?" అన్నాడు.

"బిళ్లలు మానిపించేవాణ్ణి. అప్పుడే పెద్దాసుపత్రికి పంపేవాణ్ణి. బతికేదని గట్టిగా చెప్పలేను. బతకడానికి వీలుండేది" అన్నారు డాక్టరుగారు.

టైలరుగారు తల ఊపాడు. కేకలక్క వైపు తిరిగి, "మీ కబురు రాలేదని ఆ సాయంత్రం మేమిద్దరం సినిమాకెళ్లాం, సిస్టరుగారూ" అన్నాడు.

సిస్టరుగారూ. ఎప్పుడూ చెల్లెమ్మా అనే నోటితోనే. "ఇక మీరు వెళ్లండి, దుకాణం మూస్తున్నా" అన్నాడాయన. అప్పుడింకా పొద్దెక్కనేలేదు.

మర్నాడు కేకలక్క ఒక నైలాను తాడు, ఒక పాకెట్టు బట్టల క్లిప్పులు పట్టుకుని పనిలోకి వచ్చింది. తన సందులో ఈ గోడకీ ఆ గోడకీ మేకులు కొట్టి తాడు కట్టింది.

డాక్టరుగారు తొంగి చూశారు. "ఇదేమిటమ్మా, ఇంట్లో ఎండ రావట్లేదా?"

"బట్టలకి కాదండీ. మనం చెప్పాల్సిన జవాబులకి. ఎవరి రక్తం తీస్తే వాళ్ల చీటీ ఇక్కడ తగిలిస్తా. రిపోర్టు వచ్చి, వాళ్ల చెవిన పడ్డాకే తీస్తా. బాగున్నా చెప్పాలి, బాగా లేకపోయినా చెప్పాలి."

"అందరికీనా? ఫోన్లతోనే పొద్దుపోతుంది. బయట లైను సైకిలు షాపు దాకా పోతుంది."

"ఆ లైనులో ఎంతమంది 'ఏం లేదు కదా అక్కా' అని అడిగి పోవడానికొస్తారో గుమ్మంలో నిలబడే నాకు తెలుసు. వాళ్లకి ఇంటి దగ్గరే చెప్పేస్తే లైను దానంతటదే తగ్గుతుందండీ. తగ్గకపోయినా సరే. ఈ తాడు మాత్రం నేను విప్పను."

డాక్టరుగారు క్లిప్పు ఒకటి తీసుకుని నొక్కి వదులుతూ ఆలోచించారు. "సరే. అయితే నావీ రెండు మాటలు. చెడ్డ కబురు ఫోన్లో నువ్వు చెప్పకు, రమ్మను, నేను కూర్చోబెట్టి చెబుతా. నా సంతకం లేని రిపోర్టు ఇక బీరువా ఎక్కకూడదు. స్టెతస్కోపు నా మెళ్లోనే ఉంటుంది."

మధ్యాహ్నం తలుపు వేసి ఉండే వేళలో ఆమె ఫోన్లు మొదలుపెట్టింది. మొట్టమొదట ఒక రిటైరైన మాస్టారింటికి చేసింది. ఆయన భార్య ఎత్తింది. "అమ్మా, క్లినిక్కు నుంచి" అన్నదో లేదో, అవతల ఫోను నేల మీద పడ్డ చప్పుడు, దాని వెనకే శోకం. "బాగుందండీ! అంతా బాగుందండీ!" అని కేకలక్క తన గొంతంతా పెట్టి అరిచింది. వీధిలో వెళ్లేవాళ్లు విన్నారు గాని, వినాల్సిన ఆవిడ వినలేదు. అరగంటలో మాస్టారు, భార్య, వాళ్ల అల్లుడు, ఆటోలో దిగారు. మాస్టారే అందరికన్నా ఆరోగ్యంగా ఉన్నాడు.

రెండో రోజు ఇలాంటివే ఇంకొన్ని. ఏళ్ల తరబడి చెడ్డకి తప్ప పలకని క్లినిక్కు పలికితే జనం గుండెలు జారిపోతున్నాయి. ముచ్చెమటలు పట్టి ఒకాయన నడిరోడ్డు మీద కూర్చుండిపోయాడని సైకిలు షాపతను వచ్చి చెప్పాడు. "మంచి కబురు చెప్పి మనుషుల్ని చంపేలా ఉన్నాం, కొన్నాళ్లు ఆపుదామా?" అన్నారు డాక్టరుగారు. కేకలక్క తాడు మీది తరవాతి చీటీ చూసింది. అది తన అత్తగారిది.

"అత్తయ్యా, క్లినిక్కు నుంచి మాట్లాడుతున్నా" అని ఇంటికి ఫోను చేసింది. అవతల ఫోను పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి గుమ్మం నిండా చెప్పులు. అత్తగారు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తల దగ్గర ఎదురింటావిడ కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఆ ఇద్దరికీ కొళాయి దగ్గర గొడవై మాటల్లేక ఎన్నేళ్లయిందో వాళ్లకే గుర్తులేదు.

"వచ్చావా అమ్మా? మీ ఆయన్ని బాగా చూసుకో. వాడికి మతిమరుపు, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు" అంది అత్తగారు నీరసంగా.

"అత్తయ్యా, మీ రక్తం లక్షణంగా ఉంది! అది చెబుదామనే చేశా!"

అత్తగారు లేచి కూర్చుంది. ఒక్క క్షణం మొహం వెలిగింది. అంతలో ఎదురింటావిడ కనబడింది. కోపం ముంచుకొచ్చింది.

"మరి ముందే ఏడవొద్దూ? నీ మూలాన ఈవిడతో మాట్లాడాల్సొచ్చింది! క్షమించమని కూడా అడిగేశాను! ఇప్పుడెలా వెనక్కి తీసుకోను?"

"నాకేం సరదానా? ఇంట్లో పని వదిలేసుకుని వచ్చా" అని ఎదురింటావిడ లేవబోయింది.

"కూర్చో, వచ్చావు కదా. టీ తాగి పో" అని ఆవిడని కసిరి, అత్తగారు కోడలి మీదికి తిరిగింది. "ఎప్పుడూ మాట్లాడనివాళ్లు ఉన్నట్టుండి మాట్లాడితే భయపడరూ? సూది గుచ్చినప్పుడే చెప్పి చావొచ్చుగా, ఫలానా రోజు ఫోను చేస్తామని! ఆ రోజు కోసం చూస్తాం. గుండె పట్టుకుని కాదు, ఫోను పట్టుకుని."

కేకలక్క ఆ రాత్రి అత్తగారికి కాళ్లు పట్టింది. నవ్వుకుంటూ పట్టిందని అత్తగారు మళ్లీ తిట్టింది.

అప్పటినుంచి రక్తం తీశాక చేతికి దూది అద్దుతూ చెప్పడం మొదలుపెట్టింది: "శుక్రవారం లోపల మా నుంచి కబురొస్తుంది. బాగున్నా వస్తుంది. రాకపోతే బాగున్నట్టు కాదు, మేం తప్పు చేసినట్టు. శనివారం పొద్దున్నే వచ్చి నన్ను తిట్టండి."

భయాలు తగ్గాయి. లైను కూడా నిజంగానే తగ్గింది. ఊరికే అడిగి పోయేవాళ్లు లేకపోవడంతో, ఒక్కో మనిషితో డాక్టరుగారు కాస్త నిదానంగా మాట్లాడడం మొదలైంది. క్లినిక్కు తలుపు వేసే ముందు కేకలక్క తాడు ముందు నిలబడి ఒక్కో చీటీ వేలితో తడిమేది. ఇది లాబులో ఉంది, ఇది రేపొస్తుంది, ఇది ఎందుకింకా ఇక్కడుంది? జవాబు తెలియనిదేదైనా ఉంటే తాళం వేసేది కాదు.

కానీ ఒకటి మాత్రం కుదరలేదు. ఎవరూ తిట్టడానికి రాలేదు. ఒకావిడ ఫోను నంబరు తప్పు పడి కబురు చేరలేదు. వారం దాటాక కేకలక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే, ఆవిడ హాయిగా బట్టలు ఉతుక్కుంటోంది. "రాలేదు కదా, బాగున్నట్టే అనుకున్నా అక్కా" అంది. ఆ మాట కేకలక్క చెవిలో సూదిలా దిగింది. తాడు ఒక కొస మాత్రమే. రెండో కొస వాళ్లు పట్టుకోకపోతే, ఎప్పుడో ఒక ఫాను గాలికి మళ్లీ ఒక కాగితం ఎగురుతుంది.

దాంతో ఇంకా మొండికెత్తింది. రక్తం ఇచ్చినవాళ్లని కుర్చీలోంచి లేవనిచ్చేది కాదు.

"కబురు రాకపోతే ఏం చేస్తారు?"

"వస్తానక్కా."

"వచ్చి?"

"అడుగుతా."

"అడగడం కాదు. తిట్టాలి. ఏదీ, ఒకసారి తిట్టండి."

"మిమ్మల్ని తిట్టడమేంటక్కా, సూది గుచ్చినా నొప్పి తెలియనివ్వరు" అని వాళ్లు సిగ్గుపడి పారిపోయేవాళ్లు.

ఇదంతా జరుగుతున్నన్నాళ్లూ టైలరుగారు క్లినిక్కు గడప తొక్కలేదు. సుగరు బిళ్లలు వేసుకుంటున్నాడో లేదో తెలియదు. కేకలక్క రోజూ ఆ దుకాణం ముందు నుంచే పనికి వెళ్లేది. ఒకరోజు ఆయన కుడికాలి చెప్పుకి పట్టీ కోసేసి ఉండడం, వేలికి గుడ్డముక్క చుట్టి ఉండడం చూసింది.

"అన్నయ్యా, ఆ కాలు డాక్టరుగారికి చూపించాలి" అంది రోడ్డు మీద నుంచే.

ఆయన మిషను ఆపలేదు. "మీ క్లినిక్కు నుంచి కబురేం రాలేదుగా సిస్టరుగారూ. అంటే బాగున్నట్టేగా?"

పక్క దుకాణాల వాళ్లు తలలు దించుకున్నారు. కేకలక్క కదల్లేదు. "ఆ మాట ఇప్పుడు లేదన్నయ్యా. తీసేశాం. మీరు నన్నేమన్నా పడతా గాని, ఆ కాలు మాత్రం చూపించండి" అని వెళ్లింది. మర్నాడూ అదే చోట ఆగి అదే మాట అంది. ఆ మర్నాడూ అంది. ఆమె వచ్చే వేళకి ఆయన లోపలికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆమె కప్పి ఉన్న మిషనుతోనే చెప్పి వెళ్లేది. లోపలికి వినబడకుండా ఉండే గొంతు కాదు అది.

ఒక మధ్యాహ్నం, బెంచీలు ఖాళీగా ఉన్నప్పుడు, టైలరుగారు వచ్చాడు. "కాలు మిషను తొక్కనివ్వట్లేదు. నా కోసం కాదు, పని కోసం వచ్చా" అన్నాడు గోడకి చెబుతున్నట్టు. డాక్టరుగారు పుండు కడిగి, కట్టు కట్టించి, మందులు రాసి, రక్తపరీక్ష రాశారు. కుర్చీలో కూర్చుని ఆయన చెయ్యి చాపాడు. కేకలక్క నరం కోసం రెండుసార్లు తడిమి చూసింది. అయినా ఒక్క పోటుకే పడింది.

"శుక్రవారం లోపల కబురొస్తుందన్నయ్యా" అని అన్నీ చెప్పింది. "రాకపోతే ఏం చేస్తారు?"

ఆయన చొక్కా చెయ్యి దించుకుని, తాడు మీది చీటీల వంక ఒకసారి చూసి, లేచి వెళ్లిపోయాడు.

శుక్రవారం సాయంత్రం కవర్లో ఆయన రిపోర్టు లేదు. కేకలక్క లాబుకి ఫోను చేసింది. ఆ పని చూసేవాళ్లు వెళ్లిపోయారు, పొద్దున్న చెబుతామన్నారు. టైలరుగారికి చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయింది. దుకాణానికి వెళ్తే తాళం. చీటీ తాడు మీదే ఉండిపోయింది.

శనివారం ఆమె క్లినిక్కు తెరుస్తూనే లాబుని పట్టుకుంది. సీసా పగిలిందట, మళ్లీ తియ్యాలట. ఆ చీటీ చేతిలో పట్టుకుని, చెప్పులు వేసుకుని, ఆయన దుకాణానికని వరండాలోకి వచ్చింది. అప్పటికే బెంచీలు నిండాయి. మెట్ల కింద, కట్టు కట్టిన కాలు మొదటి మెట్టు మీదికి ఎత్తి పెడుతూ, టైలరుగారు.

"ఏం, ఎక్కడికి పోతున్నావ్?" అన్నాడు. ఆ గొంతు పెద్దదే. బెంచీల మీది వాళ్లంతా అటు తిరిగారు. "నిన్న రావాలన్నావే, నా కబురేది? నిన్నంతా చూశా! దుకాణానికి తాళం వేసి ఇంట్లో కూర్చుని చూశా! ఒకసారి పోగొట్టింది చాలదా? ఇదేనా మీరు నేర్చుకున్నది? ఊరందరి చేతా ఒట్టేయించుకుంటున్నావు, తిట్టండి తిట్టండి అని. ఇదిగో, తిడుతున్నా! విను!"

కేకలక్క వింది. ఆయన ఆయాసపడి ఆగేదాకా నిలబడి వింది. దగ్గు తాత మధ్యలో కల్పించుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"లాబులో సీసా పగిలిందన్నయ్యా. మీ ఫోను మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మీ దగ్గరికే బయల్దేరా" అని చీటీ చూపించింది. "మళ్లీ తియ్యాలి. తప్పు మాదే."

"ఫోను దుకాణంలో మర్చిపోయా" అన్నాడాయన, కొంచెం తగ్గి. తరవాత మెట్లెక్కాడు. ఒకప్పుడు బొత్తాలమ్మ కూర్చునే బెంచీ కొసన కూర్చుని, తనంతట తనే చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు.

"మళ్లీ ఎప్పుడు?"

"మంగళవారం."

"రాకపోతే బుధవారం పొద్దున్నే ఇక్కడుంటా. ఈసారి కూర్చుని తిడతా, కాలు నొప్పెడుతోంది." అలా అని ఆమె తెల్లకోటు వంక చూశాడు. "ఆ బొత్తం వేలాడుతోంది చెల్లెమ్మా. ఎంత డబల్ పేట అయినా ఎన్నాళ్లాగుతుంది? సాయంత్రం దుకాణానికి తీసుకురా."

కేకలక్క ఆయన రక్తం తీసి, తాడు మీద చీటీ మళ్లీ తగిలించి, గుమ్మంలోకి వచ్చింది. ఊడబోతున్న బొత్తాన్ని ఒక చేత్తో పట్టుకుని, తరవాతి మనిషి కోసం కేక వేసింది.